గైడ్‌తో టార్పన్ వేట: ఫ్లై రాడ్‌తో మొదటిసారి స్కిఫ్ ఎక్కేవాళ్లకి

"మే నెలకి ఫ్లోరిడా కీస్‌లో గైడ్‌ని బుక్ చేసుకున్నాను. ఏళ్ల తరబడి ట్రౌట్ పడుతున్నాను. టార్పన్‌కి కొత్తగా ఏం నేర్చుకోవాలి?" ఫిబ్రవరి దాటిందంటే ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది. ప్రతిసారీ విడిగా చెప్పడం కంటే ఒకేచోట రాసిపెడితే నయమనిపించింది. టార్పన్ అంటే వెండిరంగు పొలుసుల పెద్ద సముద్రపు చేప, కీస్ అంటే ఫ్లోరిడా దక్షిణ కొసన ఉన్న దీవుల వరస. స్కిఫ్ అనే చిన్న పడవ మీంచి, ఈకలు, దారాలతో చేసిన ఫ్లై అనే తేలికపాటి ఎరతో పడతాం. ఎర తేలిక కాబట్టి బరువైన లైన్‌ని విసిరితే అదే దాన్ని మోసుకెళ్తుంది, ఆ విసరడమే కాస్ట్.

చేపని వెతకడం, పడవని దాని దారికి అడ్డంగా నిలబెట్టడం, ఏ ఫ్లై కట్టాలో తేల్చడం గైడ్ పని. మీ పని రోజంతటినీ కలిపినా కొద్ది నిమిషాలే. చేప కనిపించిన దగ్గర్నుంచి ఫ్లై దాని ముందు పడేదాకా పది సెకన్లు దొరికితే ఎక్కువ. ఆ పది సెకన్లకి ఇంటి దగ్గరే తయారై వెళ్లినవాళ్లకి చేప తగులుతుంది. పడవెక్కాక నేర్చుకుందాం అనుకున్నవాళ్లకి గైడ్ కేకలే మిగులుతాయి. నా మొదటి ట్రిప్పులో నేను రెండో రకం.

చేప గురించి మూడు సంగతులు తెలిస్తే చాలు. ఒకటి, దాని నోటి లోపల దాదాపు అంతా గట్టి ఎముకే. కొక్కెం సులువుగా దిగదు. రెండు, దాని నోరు పైకి తెరుచుకుంటుంది, కళ్లు కూడా పైకే చూస్తుంటాయి. తనకంటే కిందికి జారిపోయిన ఫ్లై వెనకాల అది వెళ్లదు. మూడు, అది మొప్పలతోనే కాకుండా నీటి పైకొచ్చి గాలి మింగి కూడా ఊపిరి తీసుకుంటుంది. నీటి మీద వెండిలా మెరుస్తూ దొర్లినట్టు కనిపించేది అప్పుడే. పోరాటంలోనూ అదే పని చేసి మళ్లీ బలం తెచ్చుకుంటుంది. కింద చెప్పే సలహాల్లో సగం ఈ మూడింటిలోంచి వచ్చినవే.

బుక్ చేసేటప్పుడు

కీస్‌లో పెద్ద చేపల వలస ఏప్రిల్‌లో ఊపందుకుని జులై దాకా నడుస్తుంది. మే, జూన్ నెలలు అన్నిటికంటే మంచివి. నీరు 75 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే చేపలు బాగా కదులుతాయి. ఐలమోరాడా, మారథాన్, కీ వెస్ట్ ఈ వేటకి పేరున్న చోట్లు. ఫ్లోరిడా పడమటి తీరంలో హోమోసాసా ఉంది. 2001లో ఫ్లై మీద 202 పౌండ్ల 8 ఔన్సుల చేప పడింది ఆ చుట్టుపక్కలే. మామూలుగా మీకు ఎదురయ్యేవి మాత్రం 60 నుంచి 120 పౌండ్ల చేపలు. అదేం తక్కువ కాదు.

మంచి గైడ్‌కి మే, జూన్ తేదీలు ఏడాది ముందే నిండిపోతాయి. వీలైతే వరసగా మూడు రోజులు తీసుకోండి. ఒక్క రోజే తీసుకుంటే, ఆ రోజు మబ్బు పట్టి గాలి లేచిందంటే అంతే సంగతులు. ఖర్చు ఎక్కువనిపిస్తే ఒక స్నేహితుడితో కలిసి ఒకే స్కిఫ్‌లో వెళ్లండి. పడవ ముక్కు మీద ఒకరు నిలబడితే రెండోవారు కూర్చుని చూస్తారు. కూర్చుని చూసినవాళ్లే ఎక్కువ నేర్చుకుంటారని నా అనుభవం.

ఫోన్‌లో గైడ్‌ని ఇవి అడగండి: రాడ్, రీలు, లీడర్లు (లైన్‌కీ ఫ్లైకీ మధ్య కట్టే దారాలు), ఫ్లైలు ఆయనవేనా? వాతావరణం బాగాలేక వెళ్లలేకపోతే డబ్బు సంగతేంటి? తిండి, నీళ్లు ఎవరు తెచ్చుకోవాలి? ఎవర్‌గ్లేడ్స్ నేషనల్ పార్క్ నీళ్లలోకి వెళ్తే ఆయనకి పార్క్ పర్మిట్ ఉందా? లైసెన్సున్న చార్టర్ పడవలో వెళ్తే కస్టమర్‌కి విడిగా ఫిషింగ్ లైసెన్స్ అక్కర్లేదు. అయినా ఒకసారి ఆయన్నే అడిగి ఖాయం చేసుకోండి.

మీ కాస్టింగ్ గురించి నిజం చెప్పండి. "గాలిలో 40 అడుగులు వేయగలను, 60 కష్టం" అని చెబితే ఆయన పడవని ఇంకా దగ్గరికి తీసుకెళ్లే చోట్లు ఎంచుకుంటారు. 80 అడుగులని గొప్పలు చెబితే ఆ సంగతి మొదటి చేపతోనే బయటపడుతుంది.

రూల్స్

ఫ్లోరిడాలో 2013 నుంచి టార్పన్‌ని పట్టి వదిలేయడమే. రికార్డు కోసం ప్రయత్నించేవాళ్లకి మాత్రం 50 డాలర్ల ట్యాగ్ ఉంటుంది, మనిషికి ఏడాదికి ఒకటే. 40 అంగుళాలు దాటిన చేపని నీళ్లలోంచి పైకి తీయకూడదు. ఫొటో కోసం ఒళ్లో పెట్టుకోవడం కుదరదు. గైడ్‌ని బతిమాలకండి, ఇరుక్కునేది ఆయన కూడా.

ఏమేం కావాలి

- 9 అడుగుల 11 లేదా 12 వెయిట్ రాడ్ (అంకె పెరిగేకొద్దీ రాడ్ బలం, లైన్ బరువు పెరుగుతాయి). గైడ్ దగ్గర ఉంటే కొనొద్దు, మొదటి ట్రిప్పుకి ఆయనదే వాడండి. ప్రాక్టీస్‌కి మాత్రం కనీసం 10 వెయిట్ ఒకటి సంపాదించండి. 5 వెయిట్ మీద చేసిన ప్రాక్టీస్ ఇక్కడ పెద్దగా పనికిరాదు.
- కుదుపు లేకుండా సాగే డ్రాగ్ (లైన్‌కి బ్రేకు) ఉన్న రీలు, లైన్ వెనక కట్టే బ్యాకింగ్ దారం కనీసం 200 గజాలు.
- వేడి వాతావరణానికి చేసిన ఫ్లోటింగ్ లైన్. చల్లటి నీళ్ల లైన్ అక్కడి ఎండకి మెత్తబడి జిగురు పట్టినట్టు రాడ్ రింగుల్లో సాగదు.
- లీడర్. చివర 60 నుంచి 80 పౌండ్ల బరువుకి ఆగే ఫ్లోరోకార్బన్ ముక్క ఉంటుంది. చేప గరుకు నోటికి దారం అరిగిపోకుండా కాపాడేది అదే. దానికి పైన 16 లేదా 20 పౌండ్ల టిప్పెట్, అంటే లీడర్‌లో అన్నిటికంటే ముందు తెగే ముక్క. ఆ ముడులు మీరు నేర్చుకోనక్కర్లేదు, గైడ్ కట్టినదే వాడండి.
- ఫ్లైలు. టార్పన్ టోడ్, బ్లాక్ డెత్, కాక్రోచ్ అన్నవి పాతకాలం నుంచీ నడుస్తున్న పేర్లు. కొక్కెం సైజు 1/0 నుంచి 3/0.
- రాగి రంగు లేదా అంబర్ పోలరైజ్డ్ కళ్లద్దాలు. డబ్బు ఎక్కడైనా తగ్గించండి, వీటి దగ్గర తగ్గించకండి. పవర్ ఉన్నవాళ్లు పవర్‌తోనే చేయించుకోండి. పొద్దున్నే, మబ్బు పట్టినప్పుడు పసుపు అద్దం మేలు.
- అంచు కింది భాగం ముదురు రంగులో ఉన్న టోపీ. తెల్లగా ఉంటే నీటి మెరుపు దాని మీద పడి కళ్లలోకి కొడుతుంది.
- పొడవు చేతుల ఎండ చొక్కా, మొహానికి కప్పుకునే బఫ్, పల్చటి గ్లవ్స్, వాన కోటు.
- పడవ మీద మరకలు పడని అడుగున్న బూట్లు.

రెండు హెచ్చరికలు. డీట్ ఉన్న దోమల మందు లైన్‌ని, ప్లాస్టిక్‌ని తినేస్తుంది. రాసుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి. ఇంకొకటి, అరటిపండు తీసుకెళ్లకండి. మనకి తాంబూలంలో అరటిపండు లేకపోతే వెలితిగా ఉంటుంది కానీ అక్కడి పడవలవాళ్లలో చాలామందికి అది అపశకునం. నవ్వొచ్చినా సరే, పొద్దున్నే గైడ్ మూడ్ పాడుచేయడం ఎందుకు.

ఇంటి దగ్గర చేయాల్సినవి

1. ఫ్లై చేతిలో పట్టుకుని మొదలుపెట్టే కాస్ట్. ట్రిప్పుకి కనీసం నాలుగు వారాల ముందు నుంచి రోజుకి 20 నిమిషాలు చేయండి. కొక్కెం మొన కత్తిరించేసిన ఫ్లై వాడండి, కళ్లద్దాలు పెట్టుకోండి. గడ్డి మీద 40, 50, 60 అడుగుల దగ్గర ఒక్కో రింగు పెట్టండి. రాడ్ చివర నుంచి 10-15 అడుగుల లైన్ బయటికి వేలాడాలి, ఫ్లై ఎడమ చేతి వేళ్ల మధ్య ఉండాలి, మిగతా లైన్ కాళ్ల దగ్గర ఉండాలి. అక్కడ్నుంచి రెండే ఫాల్స్ కాస్ట్‌లు (ఫ్లైని కింద పడనీయకుండా గాలిలోనే ముందుకీ వెనక్కీ ఊపడం), మూడోది వదిలేయడమే.

ట్రౌట్ వాళ్లకి అయిదారుసార్లు గాలిలో ఊపే అలవాటు ఉంటుంది. ఇక్కడ అదే కొంప ముంచుతుంది. ప్రతి ఊపుకీ చేప ఇంకాస్త దగ్గరికి వచ్చేస్తుంది, పైగా తల మీద లైన్ ఆడటం చూసి బెదురుతుంది. డబుల్ హాల్ (ముందు ఊపుకీ వెనక ఊపుకీ రెండో చేత్తో లైన్‌ని చటుక్కున లాగి వేగం పెంచడం) రాకపోతే ముందు అది నేర్చుకోండి. అది లేకుండా గాలికి ఎదురు వేయలేరు.

ప్రాక్టీస్‌కి గాలి వీచే రోజులే ఎంచుకోండి. గాలి మీ కాస్టింగ్ భుజం వైపు నుంచి కొడుతుంటే ఫ్లై మీ చెవినో గైడ్ చెవినో పట్టుకుంటుంది. అప్పుడు చేపకి వీపు తిప్పి నిలబడి, వెనక కాస్ట్ మీదే ఫ్లైని వదలాలి. మొదట్లో చాలా వింతగా ఉంటుంది. వారం చేస్తే అలవాటవుతుంది.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడానికి ఇంట్లో ఎవరినైనా ఫోన్‌లో టైమర్ పెట్టమనండి. "వెయ్" అన్న ఏడు సెకన్లలో 50 అడుగుల రింగు దగ్గర ఫ్లై పడాలి. పదిసార్లలో ఆరుసార్లు పడితే మీరు సిద్ధం. 80 అడుగులు వేయగలిగినా పదిహేను సెకన్లు పడుతుంటే ఇంకా సిద్ధం కానట్టే.

2. గడియారం. పడవ ముక్కు 12. సరిగ్గా కుడి పక్క 3, సరిగ్గా ఎడమ పక్క 9. గైడ్ "ఎలెవెన్ ఓ క్లాక్, సిక్స్టీ ఫీట్, మూవింగ్ లెఫ్ట్" అంటారు. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు, తమ మొహం ఎటుంటే అది 12 అనుకోవడం. మీరు ఎటు తిరిగి ఉన్నా 12 అంటే పడవ ముక్కే. ఇంట్లో నేల మీద సుద్దతో ఒక బాణం గీసి, ఎవరైనా అంకె చెప్పగానే రాడ్‌తో అటు చూపించడం ప్రాక్టీస్ చేయండి. పిల్లలకి ఈ ఆట భలే నచ్చుతుంది.

దూరం లెక్క కూడా నేర్చుకోండి. ప్రాక్టీస్ లైన్ మీద 40, 50, 60 అడుగుల దగ్గర పర్మనెంట్ మార్కర్‌తో గీతలు పెట్టండి. వారం తర్వాత గీత చూడకుండానే చేతికి తెలుస్తుంది.

3. స్ట్రిప్ స్ట్రైక్. పోయే చేపల్లో చాలా వరకు పోయేది ఇక్కడే. ట్రౌట్ తిన్నప్పుడు రాడ్ పైకి ఎత్తుతాం. టార్పన్‌కి రాడ్ ఎత్తారంటే, రాడ్ వంగి మీ బలమంతా అదే మింగేస్తుంది, కొక్కెం ఆ ఎముక నోట్లో దిగదు. తప్పిపోతే ఫ్లై నీళ్లలోంచి ఎగిరి బయటికి వచ్చేస్తుంది, రెండో అవకాశం ఉండదు.

ఇలా చేయాలి: రాడ్ చివర నీటికి ఆనేంత కిందికి, నేరుగా చేప వైపు. లైన్ పట్టుకున్న చేత్తో తుంటి దాటేదాకా పొడవుగా లాగండి. బరువు తగిలినా లాగుతూనే ఉండండి, లైన్ చేతిలోంచి జారిపోయేదాకా. ఒకవేళ తగల్లేదనుకోండి, ఫ్లై రెండడుగులు ముందుకి జరిగి చేప కళ్ల ముందే ఉంటుంది. చాలాసార్లు మళ్లీ తింటుంది.

దీన్ని ఒంటికి పట్టించడానికి ఒక్కటే దారి. ప్రాక్టీస్‌లో ప్రతి కాస్ట్ చివర, చేప ఉన్నా లేకపోయినా, స్ట్రిప్ స్ట్రైక్‌తోనే ముగించండి. లైన్ చివర ఎవరినైనా పట్టుకుని గుంజమనండి. గుంజిన ప్రతిసారీ మీ రాడ్ పైకి లేచిందా? లేస్తే ఇంకా వారం పని ఉంది.

4. ఎంత లాగుతున్నారో కొలుచుకోండి. స్తంభానికి ఒక స్ప్రింగ్ త్రాసు కట్టి, దానికి లీడర్ తగిలించండి. ముందు రాడ్‌ని నిలువుగా ఎత్తి, విల్లులా వంచి లాగండి. చేతులు నొప్పి పుడతాయి, ముల్లు మాత్రం కాస్తే కదులుతుంది. ఇప్పుడు రాడ్‌ని నడుము ఎత్తుకి దించి, పక్కకి, పిడి దగ్గరి లావు భాగంతో లాగండి. తేడా మీకే తెలుస్తుంది. పెద్ద చేపని అలిసేలా చేసేది రెండో పద్ధతి. డ్రాగ్ కూడా ఇదే త్రాసుతో చూడొచ్చు. 20 పౌండ్ల టిప్పెట్‌కి 4-5 పౌండ్ల దగ్గర లైన్ జారడం మొదలవ్వాలి.

పడవ మీద

5. పొద్దున్నే లైన్ సర్దుకోవడం. రీల్ మీద చుట్టుకుని ఉన్న లైన్ స్ప్రింగులా ముడుచుకుంటుంది. గైడ్ పడవ ఆపగానే 60-70 అడుగులు బయటికి తీసి, రెండు చేతులతో కొంచెం కొంచెంగా సాగదీయండి. ఆ తర్వాతిది చాలామంది మర్చిపోతారు. లైన్ మొత్తం ఒకసారి నీళ్ల మీదకి కాస్ట్ చేసి, తిరిగి లాగి కాళ్ల దగ్గర పోసుకోవాలి. రీల్‌లోంచి నేరుగా లాగి పోస్తే ముందుగా వెళ్లాల్సిన లైన్ కుప్ప అడుగున పడుతుంది, కాస్ట్ చేసినప్పుడు కుప్పంతా ముడిపడి రింగులో ఇరుక్కుంటుంది.

బూట్లు విప్పేసి నిలబడితే లైన్ పాదం కింద పడ్డప్పుడు తెలుస్తుంది. పాదాలకి సన్‌స్క్రీన్ మర్చిపోకండి. నేను ఒకసారి మర్చిపోయి మూడు రోజులు చెప్పులు వేసుకోలేకపోయాను. ఒట్టి కాళ్లు ఇష్టం లేకపోతే సాక్సులతో నిలబడండి.

తర్వాత కొక్కెం మొనని బొటనవేలి గోరు మీద ఆనించి మెల్లగా జరపండి. గోరుకి పట్టుకుని ఆగాలి. జారిపోతే గైడ్‌కి చెప్పండి, ఆకురాయితో సాన పెడతారు. కొక్కెం మొన వెనకాల ఉండే ముల్లు (బార్బ్) నొక్కేశారో లేదో కూడా అప్పుడే చూడండి. ముల్లు లేని కొక్కెం దిగడమూ తేలికే, వదిలేటప్పుడు తీయడమూ తేలికే.

6. చేపని చూడటం. గైడ్ వెనక ఇంజిన్ పైన ఎత్తైన మంచె లాంటి దాని మీద నిలబడి గడ వేస్తుంటారు. ఆయనకి మీకంటే చాలా ముందు కనిపిస్తుంది. మీరు నీటి పైభాగాన్ని కాకుండా నీళ్లలోంచి అడుగుని చూడండి. తెల్లటి ఇసుక మచ్చల మీద కళ్లు పెట్టండి. చేపలు గడ్డి మీద కనిపించవు, ఇసుక దాటేటప్పుడు దొరికిపోతాయి. చేప ఆకారం కోసం వెతక్కండి. ముదురు ఆకుపచ్చ దుంగ లాంటిది కదులుతుందా, నీడ జరుగుతుందా అని చూడండి.

గైడ్ "కనిపించిందా?" అని అడిగితే, కనిపించకపోతే "లేదు" అనండి. సిగ్గుపడి "ఆఁ, కనిపించింది" అంటే ఆయన తర్వాత చెప్పేదంతా గాలికి పోతుంది. "లేదు" అంటే "రాడ్ చూపించు, ఇంకా కుడికి, ఇంకా, ఆపు" అని కళ్లకి కట్టినట్టు చెబుతారు. అసలు కనిపించకుండానే, ఆయన మాట మీద వేసి చేపని పట్టినవాళ్లు చాలామంది ఉన్నారు.

7. ఫ్లై ఎక్కడ వేయాలి. మాట రాగానే ముందు రాడ్‌తో దిక్కు చూపించండి, "అదే" అన్నాకే వేయండి.

ఈదుకుంటూ వస్తున్న చేపకి ముక్కు ముందు నాలుగు నుంచి ఆరు అడుగుల దూరంలో, దాని దారికి కాస్త అవతల పడేలా వేయండి. తర్వాత లాగితే ఫ్లై చేప దారిలోకి వచ్చి, దాని నుంచి పారిపోతున్నట్టు కనిపించాలి. ఫ్లై చేప మీదకి ఎదురు వెళ్లిందో, అది బెదిరిపోతుంది. చిన్న ప్రాణి తన మీదకి దూకడం ఎప్పుడూ చూసి ఉండదు మరి. చేప మిమ్మల్ని దాటి వెళ్లిపోతుంటే తోక వెనక నుంచి వేయకండి. దాన్ని పోనిచ్చి, వెనక వచ్చేవాటి కోసం ఆగండి.

ఫ్లోరిడా బే లోపలి నీళ్లలో కదలకుండా పైపైనే తేలుతూ నిద్రపోతున్నట్టు ఉండే చేపలుంటాయి. వాటికి ఆరు అడుగులు చాలా దూరం. రెండు మూడు అడుగుల్లో, చప్పుడు లేకుండా పడాలి, చాలా నెమ్మదిగా కదలాలి. ఇక గుంపు గుండ్రంగా తిరుగుతుంటే, దాన్ని డైసీ చెయిన్ అంటారు, మధ్యలో వేసి చెల్లాచెదురు చేయకండి. మీ వైపు తిరిగి వస్తున్న అంచులో వేస్తే లాగినప్పుడు ఫ్లై చేపలతో పాటే నడుస్తుంది.

లాగడం నెమ్మదిగా, పొడవుగా ఉండాలి. ఫ్లై చేప కంటి ఎత్తులోనో, ఒక పిసరు పైనో ఉండాలి. చేప వెంటపడగానే కంగారులో వేగం పెంచడం ఒక తప్పు, ఆపేయడం ఇంకో తప్పు. ఆపితే ఫ్లై మునుగుతుంది. గైడ్ "లాంగ్, స్లో" అంటే అలాగే చేయండి. ఆయన చేప మొహం చూస్తున్నారు, మీరు ఫ్లై వైపు చూస్తున్నారు.

8. తిన్న క్షణం. నోరు తెరుచుకుని తెల్లగా, బకెట్ అంత కనిపిస్తుంది. గుండె ఆగినంత పనవుతుంది. అప్పుడే గట్టిగా గుంజకండి. నోరు మూసుకుని, తల తిప్పేదాకా మామూలుగానే లాగుతూ ఉండండి. ముఖ్యంగా చేప ఎదురుగా వస్తూ తింటే, తొందరపడి లాగిన ఫ్లై తెరిచిన నోట్లోంచి అలాగే బయటికి వచ్చేస్తుంది. లైన్ బరువెక్కాక స్ట్రిప్ స్ట్రైక్.

ఆ వెంటనే కళ్లు కిందికి. చేపని చూడకండి, కాళ్ల దగ్గరి లైన్‌ని చూడండి. అది బుల్లెట్‌లా పైకి లేస్తుంది. ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు కలిపి రింగులా చేసి, లైన్ అందులోంచి పోనివ్వండి. చొక్కా గుండీకి, రీల్ పిడికి, కాలి వేలికి చుట్టుకుంటే టిప్పెట్ టప్‌మని తెగుతుంది. లైన్ అంతా రీల్ మీదకి చేరాకే తలెత్తి చూడండి. అప్పటికి మొదటి గెంతు అయిపోయి ఉండొచ్చు, పోనీయండి.

9. గెంతినప్పుడు దండం. చేప గాలిలోకి లేవగానే నడుము వంచి, చేతులు చాపి, రాడ్‌ని చేప వైపుకి తోసేయండి. అక్కడివాళ్లు దీన్ని రాజుకి నమస్కారం పెట్టడం అంటారు, టార్పన్‌కి సిల్వర్ కింగ్ అని పేరుంది కదా. లైన్ వదులైపోతుంది, అదే కావాలి. బిగుతుగా ఉన్న లీడర్ మీద వంద పౌండ్ల చేప పడిందంటే ఏ దారమూ ఆగదు. నీళ్లలో పడగానే మళ్లీ బిగించండి. గెంతు చూస్తూ బొమ్మలా నిలబడిపోవడం మామూలే. గైడ్ "బౌ!" అని అరుస్తారు, అందుకే అరుస్తారు.

10. పోరాటం. మొదటి పరుగు ఆగాక గైడ్ పడవని చేప దగ్గరికి తీసుకెళ్తారు. దూరం నుంచి లాగితే సాగే లైన్ మీ బలం తినేస్తుంది, దగ్గరున్నప్పుడే గట్టిగా లాగగలరు. రాడ్ కిందికి, పక్కకి. చేప తల ఎటుంటే దానికి ఎదురు దిక్కుకి లాగండి. అది తిరిగితే మీరూ వైపు మార్చండి. గాలి మింగడానికి పైకి వస్తుంటే రాడ్ చివర నీళ్లలో ముంచి కిందికి లాగండి. ఒక గుక్క గాలి దొరికితే దానికి ఇంకో పది నిమిషాల బలం వస్తుంది.

మీరు విశ్రాంతి తీసుకుంటే చేపకీ విశ్రాంతే. చేయి పట్టేసినా లైన్ మీద బరువు వదలకండి. అరగంట లోపు ముగించడం లక్ష్యంగా పెట్టుకోండి. గంటన్నర లాగిన కథలు వినడానికి బావుంటాయి, చేపకి మాత్రం ప్రాణం మీదకి వస్తుంది. పడవ పక్కకి వచ్చాక రాడ్‌ని నిలువుగా ఎత్తకండి, కార్క్ పిడి దాటి పైన పట్టుకోకండి. రాడ్లు విరిగేది ఎక్కువగా అప్పుడే.

హ్యామర్‌హెడ్ కానీ బుల్ షార్క్ కానీ కనిపిస్తే గైడ్ "తెంచేయ్" అంటారు. బేరాలొద్దు. రాడ్‌ని నేరుగా చేప వైపు పెట్టి, రీల్ తిరగకుండా పట్టుకుని తెంచేయండి. అలసిన చేప షార్క్ నుంచి తప్పించుకోలేదు.

11. వదలడం. చేప నీళ్లలోనే ఉండాలి. గ్లవ్ వేసుకున్న చేత్తో కింది దవడ పట్టుకోవాలి, మొప్పల్లో వేళ్లు పెట్టకూడదు. జ్ఞాపకానికని పొలుసు పీకేవాళ్లు ఒకప్పుడు ఉండేవాళ్లు, ఇప్పుడు ఆ పని చేస్తే గైడ్ మొహం చూడాల్సిందే. ఫొటో కావాలంటే మీరు వంగండి, చేపని ఎత్తకండి. కెమెరా ముందే సిద్ధంగా పెట్టుకుంటే పది సెకన్ల పని.

తల ముందుకి ఉండేలా పట్టుకుంటే పడవ మెల్లగా కదులుతూ నోట్లోంచి నీళ్లు మొప్పల మీదుగా పోతాయి. అది మీ చేతిని కొరికినట్టు దవడ బిగించి, తోక కొట్టి గుంజుకున్నప్పుడు వదలండి. పక్కకి వాలిపోతుంటే ఇంకా సిద్ధం కాలేదు. వదిలే ముందు చుట్టూ షార్క్ లేదని గైడ్‌ని చూడమనండి.

తర్వాత లీడర్‌ని వేళ్ల మధ్య జరిపి చూడండి. ఎక్కడ గరుకుగా తగిలినా మార్పించండి. కొక్కెం మళ్లీ గోరు మీద పెట్టి చూడండి.

సాయంత్రం లెక్క

రోజు చివర నాలుగు అంకెలు రాసుకోండి: ఎన్నిసార్లు వేసే అవకాశం వచ్చింది, ఎన్ని తిన్నాయి, ఎన్ని గెంతాయి, ఎన్ని పడవ దాకా వచ్చాయి. మర్నాడు ఏం సరిచేసుకోవాలో ఆ అంకెలే చెబుతాయి.

అవకాశాలు చాలా వచ్చి ఒక్కటీ తినకపోతే తప్పు ఫ్లై వేసిన చోటులోనో, లాగిన తీరులోనో ఉంది. ఫ్లై రంగు మార్చమని గైడ్‌ని విసిగించే ముందు 7వ మెట్టు మళ్లీ చదవండి. తిన్నాయి కానీ తగల్లేదంటే మీ రాడ్ పైకి లేస్తోంది. తోటివాడిని వీడియో తీయమనండి, మీరు ఒప్పుకోకపోయినా వీడియో ఒప్పిస్తుంది. తగిలి గెంతులో పోతే దండం ఆలస్యమవుతోంది. లైన్ లేచేటప్పుడే తెగితే కాళ్ల దగ్గర సర్దుడు సరిగా లేదు. చాలాసేపు పోరాడాక తెగితే లీడర్ అరిగిపోయి ఉంటుంది. అది ఎవరి తప్పూ కాదు, ఒక్కోసారి అంతే.

నా మొదటి ట్రిప్పు రెండు రోజుల లెక్క: అవకాశాలు పద్నాలుగు, తిన్నవి మూడు, గెంతింది ఒకటి, పడవ దాకా వచ్చినవి సున్నా. మూడింటికీ రాడ్ ఎత్తాను. గెంతిన ఒక్కటి ఎలా తగిలిందో నాకూ తెలియదు, గైడ్‌కీ తెలియదు.

టిప్పు సంగతి కూడా అందరూ అడుగుతారు. రోజు ఫీజు మీద 15 నుంచి 20 శాతం అక్కడి ఆనవాయితీ, నగదుగా ఇస్తే సంతోషిస్తారు. చేప పడలేదని తగ్గించకండి. ఎనిమిది గంటలు ఎండలో గడ వేసింది ఆయన. డబ్బు ఇచ్చేటప్పుడే వచ్చే ఏడాది ఆటుపోట్లు ఏ వారం బావుంటాయో అడిగి, తేదీలు అక్కడే రాయించుకోండి.